చుసోక్ సెలవుల్లో సియోల్: ఏ రోజు ఏది చూడాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. సియోల్ దగ్గరున్న సువాన్‌కి కొత్తగా వచ్చాను. కొరియా పంటల పండగ చుసోక్‌కి ల్యాబ్ మూత, కేటీఎక్స్ హైస్పీడ్ రైలు టికెట్లూ అయిపోయాయి. సియోల్‌లో మ్యూజియాలు, ఆర్ట్ వీధులు చూద్దామనుకుంటున్నా. ఏవి తెరిచి ఉంటాయి? నేను శాకాహారిని.

జవాబు: తమ్ముడూ, అసలు పండగ రోజున మ్యూజియాల జోలికి పోకు. ఇచోన్‌లోని నేషనల్ మ్యూజియం, ఫోక్ మ్యూజియం, లీయమ్ ఆర్ట్ మ్యూజియం మూడింటికీ ఆ రోజు సెలవే. ఆ రోజు ప్యాలెస్‌లు పెట్టుకో. గ్యోంగ్‌బొక్‌గుంగ్, చాంగ్‌దొక్‌గుంగ్ చుసోక్ సెలవుల్లో మనలాంటి విదేశీయులకూ ఉచితమే. చాంగ్‌దొక్‌గుంగ్ వెనక తోటకి మాత్రం విడిగా టికెట్ కొనాలి. వారపు సెలవు గ్యోంగ్‌బొక్‌గుంగ్‌కి మంగళవారం, చాంగ్‌దొక్‌గుంగ్‌కి సోమవారం. పండగ వారంలో ఇది అటూ ఇటూ మారుతుంది, బయల్దేరే ముందు వాళ్ల సైట్ చూసుకో.

నేషనల్ మ్యూజియంకి పండగ మర్నాడు వెళ్లు. సువాన్‌లో మెట్రో 1వ లైన్ ఎక్కి గుమ్‌జోంగ్‌లో దిగితే ఎదురు ప్లాట్‌ఫాం మీదే 4వ లైన్ దొరుకుతుంది. ఇచోన్‌లో 2వ ఎగ్జిట్. శాశ్వత ప్రదర్శన ఉచితం. అన్నీ చూడాలని కూర్చుంటే కాళ్లు పడిపోతాయి. కింద పది అంతస్తుల పాలరాతి పగోడా చూసి, నేరుగా రెండో అంతస్తులో 'సాయుయి బాంగ్' గదికి వెళ్లు. మసక వెలుతురులో, గాజు అడ్డు లేకుండా, చెంపకు వేలు ఆనించి ఆలోచిస్తున్న ఇద్దరు బోధిసత్వులు. ఆ గదికే అరగంట ఇవ్వొచ్చు. బుధ, శనివారాల్లో రాత్రి 9 దాకా ఉంటుంది, సాయంత్రం రద్దీ తగ్గుతుంది.

మరో జవాబు: వీధుల సంగతి నేను చెప్తానండీ. పాతకాలపు ఇళ్ల పేట బుక్‌చోన్‌లో జనం కాపురముంటున్నారు. రెడ్ జోన్ సందుల్లోకి సాయంత్రం 5 నుంచి ఉదయం 10 వరకు పర్యాటకులు వెళ్లకూడదు, వెళ్తే లక్ష వాన్ జరిమానా. ఆర్ట్ వీధులకైతే 2వ లైన్‌లో ముల్లే స్టేషన్, 7వ ఎగ్జిట్: ఇనుప పనుల షాపుల మధ్య స్టూడియోలు. పండగకి చిన్న గ్యాలరీలు మూసేస్తారు. కానీ షాపులూ మూసుంటాయి కాబట్టి షట్టర్ల మీది బొమ్మలు బాగా కనిపిస్తాయి. పనిరోజుల్లో వెళ్తే కార్మికుల ఫొటోలు తీయకండి, వద్దని బోర్డులు కూడా ఉంటాయి.

దారికి నావర్ మ్యాప్ వేసుకోండి, గూగుల్‌ని నమ్ముకుంటే సందుల్లో తిప్పలే. టీమనీ ప్రయాణ కార్డు రీచార్జ్‌కి నోట్లు దగ్గరుంచుకోండి.

తిండి విషయంలో జాగ్రత్త. కిమ్చీలో చేప సాసో రొయ్యల ఊరగాయో పడుతుంది. కూరగాయలు కలిపిన అన్నం బిబింబాప్‌లో 'గోగీ ప్పె జుసెయో' అని మాంసం తీసేయించినా, కొన్నిచోట్ల గోచుజాంగ్ అనే మిరప ముద్దలోనే బీఫ్ కలిపేస్తారు, అదీ అడగాలి. పండగనాడు చిన్న హోటళ్లు చాలావరకు మూతే. పులిహోర డబ్బా కట్టుకెళ్లడం మేలు.