పదిహేనేళ్లు ఒకే పనిలో ఉన్నాక రంగం మారాలంటే ఎవరి మాట వినాలి?

పద్దులచిట్టా:
పదిహేనేళ్లకు పైగా అకౌంట్స్‌లోనే ఉన్నాను. ఇప్పుడు లెక్కల టీచరుగా మారాలని ఉంది. ఉన్న పని మీద విరక్తి పుట్టి కాదు. రెండు వైపుల మొత్తాలు కలవనప్పుడు ఆ తేడాను తొమ్మిదితో భాగించి చూస్తాం. శేషం లేకుండా పోయిందంటే, ఎవరో 54 రాయాల్సిన చోట 45 రాసి ఉంటారని అనుమానించాలి. ఇలాంటివి పట్టుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. వాటిని కొత్తగా చేరినవారికి నేర్పడం అంతకంటే ఇష్టమని ఈమధ్య తెలిసివస్తోంది.

చిక్కల్లా సలహాలతోనే. మా మేనేజరు “ఈ వయసులో మళ్లీ మొదటి మెట్టు ఎక్కుతారా?” అన్నారు. డబ్బు తీసుకున్న కెరీర్ సలహాదారు ఒకరు ప్రశ్నపత్రం నింపించి, బోధన నాకు అతికినట్టు సరిపోతుందని తేల్చారు. ఇంట్లో “మీ ఇష్టం” అంటున్నారు. ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలి?

దూకుడు:
ముందు మేనేజరు మాట పక్కన పెట్టండి. మీరు వెళ్తే ఆ కుర్చీకి మనిషిని వెతుక్కోవలసింది ఆయనే. తోటి ఉద్యోగుల సంగతీ అంతే. మీరు వెళ్లిపోతున్నారంటే, ఉండిపోయిన తాము తెలివితక్కువవాళ్లమా అన్న అనుమానం వాళ్లకు గుచ్చుకుంటుంది. అందుకే “తొందరపడకండి” అంటారు. ఏ రంగంలోకి వెళ్లాలో ఆ రంగంవాళ్లనే అడగాలి.

ఆచితూచి:
ఇది మరీ అన్యాయం, దూకుడు గారూ. మేనేజరుకు స్వార్థం ఉండవచ్చు. అయితే ఈయన ఒత్తిడిలో ఎలా ఉంటారో, ఒకే విషయం నాలుగోసారి చెప్పవలసి వస్తే ముఖం ఎలా మారుతుందో ఏళ్ల తరబడి చూసింది ఆయనే. కొత్త రంగంవారికి ఆ రంగం తెలుసు, ఈయన తెలియదు. స్వార్థం ఉన్నంత మాత్రాన చెప్పినదంతా అబద్ధం అయిపోదు.

“మొదటి మెట్టు” అన్న మాటలోనూ నిజముంది. కాంబురోవ్, మనోవ్‌స్కీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అమెరికా ఉద్యోగుల జీతాలను పరిశీలించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒకే వృత్తిలో ఐదేళ్ల అనుభవానికి జీతంలో 12 నుంచి 20 శాతం పెరుగుదల కనిపించింది. అది ప్రధానంగా వృత్తిని అంటిపెట్టుకున్న పెరుగుదల, కంపెనీనో పరిశ్రమనో కాదు. అంటే అకౌంటెంటు సిమెంటు కంపెనీ వదిలి ఆసుపత్రిలో అకౌంటెంటుగా చేరితే పోయేది తక్కువ. అకౌంట్సే వదిలి బడికి వెళ్తే పోయేది ఎక్కువ. ఈ లెక్క చూపించకుండా “మనసు చెప్పింది చేయండి” అనేవారిని నేను సలహాదారులని అనను.

నల్లబల్ల:
ఇంజనీరింగ్ డ్రాయింగులు గీసే పని చాలాకాలం చేసి బడికి వచ్చినవాణ్ణి. జీతం సంగతి పైన చెప్పారు, నిజమే. దానికంటే పెద్ద విషయం మరొకటి ఉంది.

మీ తొమ్మిది కిటుకు బాగుంది. కొత్త ఉద్యోగికి అది అవసరం. సాయంత్రంలోగా పద్దు కలవకపోతే అతను ఇంటికి వెళ్లలేడు. అదే పదమూడేళ్ల పిల్లలకు చెప్పి చూడండి. వెనక వరుసలో ఒకడు “అయితే ఏమిటి?” అంటాడు. ముందు వరుసలో ఒక అమ్మాయి “తొమ్మిదే ఎందుకు, ఏడు ఎందుకు కాదు?” అని అడుగుతుంది. అప్పుడు 54ను ఐదు పదులు, నాలుగు ఒకట్లుగా విడదీసి, అంకెల స్థానాలు మారితే వచ్చే తేడా ఎప్పుడూ ఆ రెండు అంకెల తేడాకు తొమ్మిది రెట్లే అవుతుందని బల్ల మీద చూపించాలి. ఆ అమ్మాయికి చెబుతుండగానే వెనకవాడు పక్కవాడి పెన్ను లాక్కుంటాడు. ఈ ఇద్దరినీ ఒకే నిమిషంలో పట్టుకోవడమే ఈ ఉద్యోగం. లెక్కలు రావడం అందులో చిన్న భాగం.

“మీ ఉద్యోగం ఎలా ఉంటుంది?” అని టీచర్లను అడగకండి. మేమంతా పిల్లల గురించి మురిపెంగా చెబుతాం. నిన్న ఉదయం నుంచి రాత్రి దాకా ఏమేం చేశారో చెప్పమనండి. దిద్దిన పేపర్ల కట్టలు, నింపిన రిజిస్టర్లు, తల్లిదండ్రుల ఫోన్లు అప్పుడు బయటికి వస్తాయి. బడి వదిలేసిన టీచరును ఒకరినైనా కలవండి. ఇక్కడ మిగిలినవాళ్లం ఎలాగూ తట్టుకోగలిగినవాళ్లమే, మా మాట ఒక్కటే వింటే బొమ్మ సగమే కనిపిస్తుంది. మీకంటే పదేళ్లు చిన్నవారు మీ తరగతి వెనక కూర్చుని లోపాలు రాసుకుంటారు. అది భరించగలరా లేదా అన్నది నేను చెప్పగలిగేది కాదు, సలహాదారు చెప్పగలిగేదీ కాదు.

దూకుడు:
చెప్పేవాళ్లంతా జంకించేవాళ్లే అయితే ఎవరూ కదలరు. అమెరికా ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్ ఎటూ తేల్చుకోలేనివారి చేత ఇంటర్నెట్‌లో నాణెం ఎగరేయించారు, 20 వేలకు పైగా సార్లు. ఉద్యోగం మానడం లాంటి పెద్ద నిర్ణయాల్లో నాణెం మారమని చెప్పినవారు నిజంగా మారడమూ ఎక్కువే, ఆరు నెలల తర్వాత సంతోషంగా ఉన్నామని చెప్పడమూ ఎక్కువే. మనుషులు అవసరానికి మించి వెనకాడతారని దాని అర్థం.

ఆచితూచి:
నాణేనికి అప్పగించేంత ఊగిసలాటలో ఉన్నవారే ఆ ప్రయోగానికి వచ్చారు. వారికి వర్తించింది అందరికీ వర్తించదు. పైగా ఆరు నెలలంటే కొత్త మోజు తీరని కాలం, బడిలో ఒక విద్యాసంవత్సరం కూడా కాదు.

దారిబత్తెం:
నేను డబ్బు తీసుకుని సలహా చెప్పే వృత్తిలోనే ఉన్నాను కనుక ఆ ప్రశ్నపత్రం గురించి చెబుతాను. ఇలాంటి వాటిలో చాలా వరకు అమెరికా మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం నుంచి వచ్చినవే. మనుషుల ఆసక్తులను, పని వాతావరణాలను ఆరు రకాలుగా విభజించి, ఏది దేనికి పొసగుతుందో చూస్తారు. అది ఆసక్తిని కొలిచే పరికరం. సామర్థ్యాన్నీ, ఓపికనూ, ఖాళీలు ఉన్నాయో లేవో అన్నదాన్నీ కొలవదు. ప్రశ్నపత్రం చూసి “అతికినట్టు” అని తేల్చినవారు పరికరాన్ని మించి మాట్లాడారు. వారికి బోధన శిక్షణ ఇచ్చే సంస్థతో ఏమైనా సంబంధం ఉందేమో అడిగారా? ఎక్కడి నుంచి డబ్బు వస్తుందో మొదటి సమావేశంలోనే అడగండి. నొచ్చుకుంటే అక్కడితో ఆపేయండి.

దూరపుచుట్టం:
దగ్గరివాళ్లకు తెలిసింది మనకూ తెలిసిందే. కొత్త కబురు కొద్దిపాటి పరిచయస్తుల నుంచే వస్తుందని సామాజికవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లోనే రాశారు. లింక్డ్‌ఇన్‌లో రెండు కోట్ల మందికి పైగా మీద జరిపిన ప్రయోగాల ఫలితాలు 2022లో వెలువడ్డాయి. కొత్త ఉద్యోగం దొరకడానికి మరీ దగ్గరివారికంటే ఓ మోస్తరు పరిచయం ఉన్నవారే ఎక్కువ ఉపయోగపడ్డారని వాటిలోనూ తేలింది. పాత క్లాస్‌మేట్లలో ఎవరైనా బడిలో ఉన్నారేమో వెతకండి.

ఆచితూచి:
కబురుకు వాళ్లు పనికొస్తారు, ఒప్పుకుంటాను. ఇంట్లోవాళ్ల సంగతి వేరు. వాళ్లను సలహాదారుల వరుసలో నిలబెట్టడమే పొరపాటు. జీతం తగ్గితే ఏ ఖర్చు మానుకోవాలో వాళ్లతో కలిసే తేల్చాలి కనుక వాళ్లు ఈ నిర్ణయంలో భాగస్థులు. “మీ ఇష్టం” అన్నదాన్ని ఒప్పుకోలు అనుకోకండి. కాగితం మీద రెండేళ్ల లెక్క వేసి ముందు పెట్టండి, అప్పుడు అసలు మాట వస్తుంది. లెక్కలు మీకు వెన్నతో పెట్టిన విద్యే కదా.

పద్దులచిట్టా:
సలహాదారును ఆ ప్రశ్న అడగలేదు, అడుగుతాను. బడి వదిలేసిన టీచరు ఒకరు మా పాత సహోద్యోగి బంధువుల్లో ఉన్నారు, ఫోను చేస్తాను. మేనేజరును కూడా మళ్లీ కలుస్తాను, దూకుడు గారు కోప్పడినా సరే. వెళ్లాలా వద్దా అని అడగను. కొత్తవాళ్లకు నేర్పేటప్పుడు నేను ఎలా ఉంటానో చూసింది చూసినట్టు చెప్పమంటాను.

దూకుడు:
బ్రహ్మాండంగా నేర్పుతారని మెచ్చుకుని, ఇక్కడే కొత్త ఉద్యోగులకు శిక్షణ ఇచ్చే బాధ్యత అప్పగిస్తామంటారు, చూస్తూ ఉండండి.

పద్దులచిట్టా:
అంటే అదీ ఆలోచించదగ్గదే. జీతం పోదు, నేర్పే పని దొరుకుతుంది.

నల్లబల్ల:
దొరుకుతుంది కానీ అక్కడ వెనక వరుస ఉండదు. పెన్ను లాక్కునేవాడికి నేర్పాలని ఉందా, పద్దు కలవక కంగారుపడేవాడికి నేర్పాలని ఉందా? ఆ ఫోను చేసేలోపు ఇది తేల్చుకోండి. రెండోదైతే మీరు రంగం మారనక్కరలేదు.