2 వేల లోపు ఫుల్ ఫేస్ హెల్మెట్: ఏం చూసి కొనాలి?

బెజవాడ_రోజూ:
రోజూ గుంటూరు నుంచి బెజవాడ ఆఫీసుకి బండి మీద వెళ్లొస్తాను. రానూపోనూ 70 కిలోమీటర్ల దాకా పడుతుంది, 125 సీసీ బండి, ఎక్కువ భాగం హైవే మీదే. ఇన్నాళ్లూ మూతి తెరుచుకుని ఉండే ఓపెన్ ఫేస్ హెల్మెట్‌తోనే నెట్టుకొచ్చాను. పోయిన వారం కాజ టోల్ ప్లాజా దాటాక ముందు వెళ్తున్న టిప్పర్ వెనక నుంచి కంకర రాయి ఎగిరొచ్చి పెదవి కింద కొట్టింది, రెండు కుట్లు పడ్డాయి. ఫుల్ ఫేస్ కొనేదాకా బండి తాళం ఇవ్వనని మా ఆవిడ ఆ రాత్రే తేల్చి చెప్పేసింది.

బడ్జెట్ 2 వేలు, తప్పదంటే ఇంకో 200. నిన్న షాపులో 1,250కి ఒకటి, 2,200కి ఒకటి చూశాను. రెండిటి మీదా ఐఎస్ఐ గుర్తు ఉంది. ఖరీదైనదాని వెనక డాట్ అని స్టిక్కర్ ఉంది, షాపతను దాన్నే చూపించి "ఇది ఇంటర్నేషనల్ సార్" అంటున్నాడు. ఆ స్టిక్కర్ కోసం దాదాపు వెయ్యి ఎక్కువ పెట్టాలా? టేపుతో కొలిస్తే నా తల చుట్టుకొలత 58 సెంటీమీటర్లు వచ్చింది. ఎల్ పెట్టుకుంటే సుఖంగా ఉంది, ఎం అయితే బుగ్గలు నొక్కేస్తోంది. ఎల్ తీసుకోనా? కళ్లద్దాలు కూడా ఉన్నాయి నాకు.

ఎర్ర_స్ప్లెండర్:
ముందు సైజు తేల్చుకోండి అన్నా, ధర సంగతి తర్వాత. షాపులో పెట్టుకోగానే సుఖంగా ఉందంటే అది మీకు వదులన్నమాట. లోపలి స్పాంజి నెలా రెణ్నెల్లలో అణిగిపోతుంది, ఇవాళ సుఖంగా ఉన్న ఎల్ అప్పుడు తల మీద బోర్లించిన గిన్నెలాగా అటూ ఇటూ తిరుగుతుంది. కొత్తలో బుగ్గలు నొక్కాలి, నోరు ఆడిస్తే బుగ్గ లోపలి వైపు పళ్లకు తగలాలి, అంత బిగువు మంచిదే. కానీ నుదుటి దగ్గర ఒకేచోట గుచ్చుకుంటే మాత్రం వద్దు. అది బిగువు కాదు, ఆ హెల్మెట్ ఆకారం మీ తలకు కుదరలేదని అర్థం. కొందరి తల గుండ్రంగా ఉంటుంది, కొందరిది ముందు నుంచి వెనక్కి కోలగా ఉంటుంది. ఎం, ఎల్ అనే అక్షరాలను కూడా నమ్మొద్దు, ఒక కంపెనీ ఎం అని వేసిన కొలతే ఇంకో కంపెనీ దగ్గర ఎల్ అవుతుంది. లోపలి స్టిక్కర్ మీద మిల్లీమీటర్లలో 580 అనో 600 అనో ఉంటుంది, అది చూసుకోండి.

షాపులో మొహమాటపడకండి. హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద స్ట్రాప్ బిగించండి, స్ట్రాప్‌కీ గొంతుకీ మధ్య రెండు వేళ్లు మాత్రమే దూరాలి. తర్వాత రెండు చేతులూ వెనక్కి పెట్టి, మెడ దగ్గరున్న అంచు పట్టుకుని పైకీ ముందుకీ గట్టిగా లేపండి. ఊడొచ్చినా, కళ్ల మీదికి జారినా ఆ సైజు మీది కాదు. హెల్మెట్‌ని పక్కలకు తిప్పితే మీ బుగ్గల చర్మం కూడా దాంతోపాటు కదలాలి. ఇదంతా అయ్యాక తీయకుండా ఒక 15, 20 నిమిషాలు షాపులోనే అటూ ఇటూ తిరగండి. తీశాక అద్దంలో నుదురు చూసుకుంటే, ఒకేచోట రూపాయి బిళ్లంత ఎర్రగా కంది ఉందా, లేక అంతటా సమంగా నొక్కిందా అన్నది కనిపిస్తుంది.

ఇంకొకటి, మీకు దెబ్బ తగిలింది గడ్డం దగ్గర కాబట్టి ముఖ్యంగా చెప్తున్నా. గడ్డం ముందుండే భాగంలోకి వేళ్లు పోనిచ్చి, గుడ్డ మీద నుంచి గట్టిగా నొక్కండి. పైభాగంలో తల చుట్టూ ఉండే గట్టి థర్మాకోల్ లాంటి పొర, ఈపీఎస్ అంటారు, అది అక్కడ కూడా తగలాలి. చవక మోడల్స్ చాలావాటిలో అక్కడ పల్చటి స్పాంజి, దాని వెనక ఉత్త ప్లాస్టిక్ తప్ప ఏమీ ఉండదు. కంకర రాయిని అది కూడా ఆపుతుందిగానీ, మూతి వెళ్లి రోడ్డుకు కొట్టుకున్నప్పుడు దెబ్బని పీల్చుకునేది ఆ థర్మాకోలే.

కూకట్‌పల్లి_125:
డాట్ అనేది అమెరికా ప్రమాణం. అక్కడ కంపెనీయే మా హెల్మెట్ ప్రమాణానికి సరిపోతుందని ప్రకటించుకుని స్టిక్కర్ వేసుకుంటుంది, ప్రభుత్వం తర్వాత మార్కెట్‌లోంచి కొన్నిటిని కొని పరీక్ష చేస్తుంది. అంటే స్టిక్కర్ ఉన్నంత మాత్రాన ముందే ఎవరో పరీక్షించారని కాదు. పైగా ఆ స్టిక్కర్లు విడిగా కూడా దొరుకుతాయి, కాబట్టి దానికోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు. యూరప్ వాళ్ల ఈసీఈ 22.06 ఉంటే అది వేరే లెక్క, అమ్మకానికి రాకముందే బయటి ల్యాబ్‌లో పరీక్ష అవుతుంది, స్ట్రాప్‌కి కుట్టిన చిన్న చీటీ మీద గుండ్రంలో ఇంగ్లిష్ 'E' అక్షరం, పక్కన అంకె ఉంటాయి.

మన దగ్గర 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ లేని హెల్మెట్ అమ్మడమే నేరం. అందుకే ఫుట్‌పాత్ మీద అమ్మేవాటికి కూడా ఆ గుర్తు అంటించేస్తున్నారు. గుర్తు పైన ఐఎస్ 4151 అని, కింద సీఎం/ఎల్ అని ఒక నంబర్ ఉంటుంది. ఫోన్‌లో బీఐఎస్ (ఐఎస్ఐ గుర్తుకి లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ) వాళ్ల బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబర్ కొట్టండి, కంపెనీ పేరు, అడ్రసు, ఏ వస్తువుకి లైసెన్స్ ఇచ్చారు, ఇంకా చెల్లుతుందా లేదా అన్నీ వస్తాయి. నిమిషం పని.

ధర గురించి ఒక్క మాట. బ్రిటన్‌లో 2007 నుంచి షార్ప్ అనే ప్రభుత్వ పథకం కింద హెల్మెట్లను పరీక్షించి 5 స్టార్ల దాకా రేటింగ్ ఇస్తున్నారు. అందులో చవకవాటికి 5 స్టార్లు, బాగా ఖరీదైనవాటికి అంతకన్నా తక్కువ రావడం మామూలే. డబ్బు పెరిగితే బరువు తగ్గొచ్చు, గాలి బాగా ఆడొచ్చు, శబ్దం తగ్గొచ్చు. అవీ కావాల్సినవే, కానీ దెబ్బ నుంచి కాపాడటం వేరే సంగతి.

గోదారి_గట్టు:
ఎల్ వద్దు అన్నయ్యా, దయచేసి తీసుకోవద్దు. మా తమ్ముడు అలాగే సుఖంగా ఉందని ఒక సైజు పెద్దది కొన్నాడు, స్ట్రాప్ కూడా వదులుగా పెట్టేవాడు. రెండేళ్ల కింద ధవళేశ్వరం బ్యారేజీ దిగాక కుక్క అడ్డొచ్చి పడ్డాడు, వేగం 40 కూడా లేదు. తల నేలకి తగలకముందే హెల్మెట్ ఊడి దొర్లిపోయిందని చూసినవాళ్లు చెప్పారు. 11 రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ ఆ రాత్రి అమ్మ పడ్డ నరకం ఇంకా నా కళ్లముందే ఉంది.

తర్వాత కొన్నది సరైన సైజే. ఆర్నెల్ల కింద వాన రోడ్డు మీద జారి మళ్లీ పడ్డాడు, ఈసారి తలకి ఏమీ కాలేదు. హెల్మెట్ బయట చిన్న గీత మాత్రమే ఉంది, ఇంకా వాడుకోవచ్చులే అన్నాడు. నాకెందుకో మనసొప్పక లోపలి గుడ్డ అంతా ఊడదీసి లైటు పెట్టి చూస్తే, ఆ గీతకి సరిగ్గా లోపలి వైపు థర్మాకోల్ మీద వెంట్రుకంత సన్నటి పగులు, పక్కనే వేలితో నొక్కినట్టు చిన్న సొట్ట. ఆ పొర ఒకసారి నలిగితే మళ్లీ లేవదట. స్ట్రాప్ కోసేసి పారేశాం, ఎవరూ ఏరుకుని వాడకుండా.

మీ ఆవిడ వెనక కూర్చుంటారా? అయితే ఆవిడకీ ఒకటి కొనండి. చట్టం ప్రకారం 4 ఏళ్లు దాటిన ఎవరికైనా ఉండాల్సిందే.

ఒంగోలు_ఎండ:
వైజర్, అదే మొహం ముందుండే అద్దం, దాని గురించి ఎవరూ చెప్పలేదు. రాత్రి తిరిగొచ్చేటట్టయితే నల్ల వైజర్, అద్దంలా మెరిసే వైజర్ రెండూ వద్దు, తెల్లదే తీసుకోండి. ఆ మోడల్‌కి విడిగా వైజర్ దొరుకుతుందో లేదో కొనేరోజే అడగండి, గీతలు పడితే ఎదురొచ్చే లారీ లైటు మొహమంతా పరుచుకుని ఏమీ కనపడదు. చీకటి పడ్డాక వారధి మీద పురుగులు అంటుకుంటాయి కదా, పొడిగుడ్డతో తుడవకండి, తడిగుడ్డ కాసేపు కప్పి ఉంచితే నాని వాటంతటవే వస్తాయి. లోపలి గుడ్డ ఊడదీసి ఉతుక్కునే మోడలే తీసుకోండి, మన మే నెలలో వారం కూడా ఆగదు వాసన. బండి ఆపినప్పుడు సైడ్ మిర్రర్‌కి తగిలించొద్దు, అది లోపలి పొరని పొడిచేస్తుంది.

బెజవాడ_రోజూ:
అందరికీ థాంక్స్. ఇవాళ మధ్యాహ్నం లీవు పెట్టి మళ్లీ వెళ్లాను. 1,250ది యాప్‌లో కొడితే ఆ నంబర్ మీద వివరాలేమీ రాలేదు, రెండుసార్లు కొట్టినా అంతే. షాపతనికి చూపిస్తే మాట్లాడకుండా లోపల పెట్టేశాడు. 2,200ది నంబర్ సరిగ్గానే ఉంది, కానీ గడ్డం దగ్గర నొక్కితే ఉత్త స్పాంజి, పైగా పావుగంటకే నుదుటి మధ్యలో నొప్పి మొదలైంది. ఇంకో షాపులో 1,780కి 580 కొలత ఉన్నది దొరికింది. గడ్డం దగ్గర గట్టి పొర తగులుతోంది, వెనక నుంచి ఎంత లేపినా కదల్లేదు. 20 నిమిషాలు పెట్టుకుని నిలబడితే రెండో షాపతను కుర్చీ వేశాడు. ఆవిడకి ఒకటో తారీఖున కొంటాను.

ఒకటే ఇబ్బంది, కళ్లద్దాల ఫ్రేము చెవి పైన నొక్కుతోంది. హెల్మెట్ పెట్టుకున్నాకే అద్దాలు దూరుస్తున్నాను, అయినా ఇంటికొచ్చేసరికి మంట పుడుతోంది.

ఎర్ర_స్ప్లెండర్:
మంచి పని చేశారు అన్నా. ఫ్రేము చెవి దగ్గర వంపు లేకుండా తిన్నగా, పల్చగా ఉండేది అయితే ఆ బాధ చాలావరకు పోతుంది, అద్దాల షాపులో అడిగితే వంపు సరిచేసి ఇస్తారు. బుగ్గల దగ్గరి ప్యాడ్ మాత్రం కోయించకండి. 2 వారాలు చూడండి, స్పాంజి కాస్త అణిగాక ఎలా ఉందో ఇక్కడే చెప్పండి.