ఏడాదంతా ఫోన్లోనే పాఠాలు చెప్పారు, ఫీజు మాత్రం మొత్తం కట్టాలా?

కొత్తవీధి అమ్మ (6 ఫిబ్రవరి 2021)
అందరికీ నమస్కారం. మేం ఒడిశాలోని బరంపురంలో ఉంటాం. బాబు ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో టెన్త్ చదువుతున్నాడు, ఒడిశా బోర్డు. ఏడాదికి 11 వేలు ఫీజు. గత మార్చిలో కరోనా వల్ల బడి మూసేశారు. మళ్లీ టెన్త్ పిల్లలకి తెరిచింది ఈ జనవరి 8న. ఈ మధ్యలో వాట్సాప్‌లో వీడియోలు పంపారు, వారానికి నాలుగు రోజులు ఫోన్లో గంట క్లాసు. ఇప్పుడు బాకీ మొత్తం కడితేనే మెట్రిక్ ఫారం, అంటే టెన్త్ పరీక్ష ఫారం, నింపుతామంటున్నారు.

మా ఆయన సూరత్‌లో మరమగ్గాల పని. మే నెలలో వలస కూలీల కోసం వేసిన శ్రామిక్ రైల్లో వచ్చారు. చికిటి దగ్గర మా అత్తవారి ఊరి బడిలో 14 రోజులు క్వారంటైన్‌లో ఉంచారు. అది అయ్యాక సర్కారు ఇచ్చిన 2 వేలు తప్ప అక్టోబరు దాకా ఇంట్లోకి రూపాయి రాలేదు. మిషన్ శక్తి మహిళా పొదుపు గ్రూపులో 20 వేలు అప్పు తీసుకున్నాను. అందులో 7,500 పెట్టి క్లాసుల కోసమే ఫోను కొన్నాం. గాజులు తాకట్టులో ఉన్నాయి. చెప్పని చదువుకి మొత్తం ఫీజు ఎందుకు కట్టాలి? మీరైతే ఏం చేస్తారు?

గిరిసోలా షాపు
కట్టకండి అక్కా. సరుకు ఇవ్వకుండా డబ్బులు తీసుకుంటే మా బజార్లో ఊరుకుంటారా? నాది ఆంధ్రా సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర టీ, టిఫిన్ షాపు. ఇచ్ఛాపురం వైపు బండ్లు ఆపేసిన రోజు నుంచి బేరం లేదు. లారీలు వెళ్లినా డ్రైవర్లు దిగేవారు కాదు. నాకు ఎవరైనా సగం డబ్బులు ఇచ్చారా? షాపు అద్దె మాత్రం ఓనరు ఒక్క నెల కూడా వదల్లేదు. బళ్లవాళ్లకి బిల్డింగు ఉంది, బస్సులు ఉన్నాయి, వాళ్లు తట్టుకోగలరు. మనం తట్టుకోలేం.

కోర్టుపేట
ఒడిశా హైకోర్టు జనవరిలోనే దీని మీద ఆర్డరు ఇచ్చింది. ఏడాది ఫీజు 6 వేల లోపైతే తగ్గింపు లేదు. 6 వేలు దాటి 12 వేల దాకా 7.5 శాతం. అలా పెరుగుతూ లక్ష దాటిన ఫీజుకి 26 శాతం. మీది 11 వేలు కాబట్టి 825 రూపాయలు తగ్గాలి. 10,175 కట్టండి, రసీదు తీసుకోండి. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

గిరిసోలా షాపు
825 తగ్గితే ఏం లాభం అన్నా? ఆమె అడిగేది 11 వేల గురించి. లక్ష కట్టగలిగినవాడికి 26 శాతం, 6 వేలు కట్టలేనివాడికి సున్నా. ఇదేం న్యాయం?

కోర్టుపేట
న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. ఆర్డరులో ఉన్నది చెప్పాను.

చెరువుగట్టు
మా పాప బడిలో కూడా ఇదే గొడవ. చూస్తున్నాను.

పర్లా టీచర్ (7 ఫిబ్రవరి)
నేను పర్లాకిమిడిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్తాను. పదకొండేళ్లయింది. కిందటి మార్చిలో నా జీతం 8 వేలు. ఏప్రిల్, మే సగం ఇచ్చారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఏమీ ఇవ్వలేదు. ఎందుకంటే తల్లిదండ్రులు ఫీజులు కట్టలేదు, మేనేజ్‌మెంటు మా జీతం ఆపింది. ఆ నాలుగు నెలలు నేను, మా ఆడపడుచు కలిసి అప్పడాలు వత్తి ఇంటింటికీ తిరిగి అమ్మాం. పొద్దున అప్పడాలు, సాయంత్రం వీడియోలు. ఫోను నాది, డేటా నాది. మా వంటింటి తలుపు వెనక నల్లరంగు వేసి బోర్డు చేసుకున్నాను. రాత్రి పదకొండు దాటాక కూడా పిల్లలు నోటుబుక్కు ఫొటోలు పంపితే దిద్దేదాన్ని.

మా అమ్మ పాతపట్నంలో ఉంటుంది, మా ఇంటికి నాలుగడుగుల దూరం. రెండు రాష్ట్రాల మధ్య దారి మూసేస్తే మందులు కూడా ఇచ్చి రాలేకపోయాను. అప్పుడూ క్లాసు మానలేదు. "చెప్పని చదువు" అన్న మాట చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. మీ ఫీజు బిల్డింగుకి వెళ్లదు. ముందు మాలాంటివాళ్ల దగ్గరికి రావాలి, వస్తేనే మా పొయ్యి వెలుగుతుంది.

గిరిసోలా షాపు
మేడం, మీ కష్టం నిజమే. కానీ మీకు జీతం ఇవ్వాల్సింది మీ ఓనరు. ఇన్నేళ్లు మిగుల్చుకున్నది తీసి ఇవ్వాలి. అది వదిలేసి పేదవాడి జేబు చూస్తే ఎలా? ఇంట్లో కూర్చుని గంట క్లాసు చెప్పడం, ఎండలో నిలబడి టీ అమ్మడం ఒకటి కాదు.

పర్లా టీచర్
ఇంట్లో కూర్చున్నానా? ఒకే పాఠం మూడుసార్లు చెప్పేదాన్ని. మొదటిసారి సగంమందికి సిగ్నల్ ఉండదు. రెండోసారి ఫోను నాన్న దగ్గర ఉందంటారు. మూడోసారి నలభై మందిలో తొమ్మిది మంది. ఆ తొమ్మిది మంది కోసం కూడా చెప్పాను. మీ ఇంట్లో టెన్త్ పిల్లలు ఉంటే, ఏ రోజు ఏ పాఠం అయిందో మీకు తెలుసా?

గిరిసోలా షాపు
నాకు పిల్లలు చిన్నవాళ్లు. వాళ్లని సర్కారు బడిలోనే వేశాను. బడి మూసినా మధ్యాహ్న భోజనం బియ్యం ఇంటికి ఇచ్చారు. మీ ప్రైవేటువాళ్లు ఏం ఇచ్చారు?

కోర్టుపేట
అందరూ అసలు విషయం వదిలేస్తున్నారు. 825 తగ్గించమని రాసి అడిగారా లేదా? కొత్తవీధి అమ్మ గారు జవాబు చెప్పలేదు.

పర్లా టీచర్
నేనూ ఒకటి అడుగుతాను అమ్మా, కోపం తెచ్చుకోకండి. జనవరి 8 నుంచి బడి ఉంది. నెల అయింది. బాబు వెళ్తున్నాడా? సిలబస్ 30 శాతం తగ్గించారు, మే 3 నుంచి పరీక్షలు. ఇప్పటికీ అందుకోవచ్చు. మీరు రాసినదంతా ఫీజు గురించే ఉంది, పిల్లాడి గురించి ఒక్క ముక్క లేదు.

కొత్తవీధి అమ్మ
మీరు మా ఇంటికి వచ్చి చూశారా? పిల్లాడి మీద నాకు ప్రేమ లేదనా? గాజులు తాకట్టు పెట్టింది ఎవరి కోసం? టీచర్లందరూ ఇంతే, ఫీజు అడగడానికి వచ్చినప్పుడే పిల్లాడు గుర్తొస్తాడు.

చెరువుగట్టు
మేడం, ఆమెను అలా అడగకూడదు. ఇంటి విషయాలు ఇక్కడెందుకు?

కొత్తవీధి అమ్మ (9 ఫిబ్రవరి)
రెండు రోజులు ఇటు రాలేదు. మొన్న మాట తూలాను, టీచర్ గారు ఏమీ అనుకోకండి.

బాబు బడికి వెళ్లడం లేదు. నవంబరు నుంచి బడాబజార్లో ఒక బట్టల షాపులో ఉంటున్నాడు. నెలకి 3 వేలు. మొదట దీపావళి రద్దీ వరకే అనుకున్నాం. ఆ డబ్బుతో గ్రూపు కిస్తీ కడుతున్నాను. ఫోను వాడి దగ్గరే ఉంటుంది, క్లాసు టైముకి షాపులో ఉంటాడు. డోల పున్నమికి (హోలీకి) మా ఆయన వచ్చి వాణ్ణి సూరత్ తీసుకెళ్తానంటున్నారు. టికెట్టు డబ్బులు పక్కన పెట్టారు. అందుకే ఫీజు కట్టడం దండగేమో అని అడిగాను. వెళ్లేవాడికి ఫారం ఎందుకని ఇంట్లో అందరూ అంటున్నారు. నాకే మనసు ఒప్పుకోవడం లేదు.

గిరిసోలా షాపు
ఇది ముందే చెప్పాల్సింది అక్కా. అయినా పని చేస్తే తప్పేముంది? మా అన్న కొడుకు బీటెక్ చేశాడు. విశాఖలో ఉద్యోగం ఉండేది, లాక్‌డౌన్‌లో తీసేశారు. ఇప్పుడు నా షాపులో గ్లాసులు కడుగుతున్నాడు. నాలుగేళ్లకి 3 లక్షలు పోశాం. చదువుకున్నవాడికీ చదువుకోనివాడికీ ఈ ఏడాది ఒకటే అయింది. పని చేతిలో ఉంటే అన్నం ఉంటుంది. నేను ఫీజు మీద ఇంత మాట్లాడింది అందుకే, చదువు మీద నాకు నమ్మకం పోయింది.

పర్లా టీచర్
మీ అన్న కొడుకు మళ్లీ ఉద్యోగానికి అప్లై చేసుకోగలడు. ఈ పిల్లాడు మెట్రిక్ లేకుండా దేనికి అప్లై చేస్తాడు? ఐటీఐకి కూడా చాలా ట్రేడుల్లో పది పాసవ్వాలి. గిడుగు రామమూర్తి గారు సవర పిల్లల కోసం బడులు పెట్టిన ఊరు మాది. బడి లేని పిల్లలకి బడి తెచ్చారు ఆయన. మనం బడిలో ఉన్న పిల్లాణ్ణి తీసేస్తున్నాం.

కోర్టుపేట
చట్టం ప్రకారం 14 నిండినవాణ్ణి ప్రమాదకరం కాని పనిలో పెట్టుకోవచ్చు. ప్రమాదకరమైన పనుల్లో 18 దాకా కుదరదు.

సాంచా మనిషి
నేను సూరత్ నుంచి రాస్తున్నాను. మాది కూడా గంజాం జిల్లానే. మూడు రోజులుగా ఇదంతా చదువుతున్నాను. చట్టం సంగతి పక్కన పెట్టండి, ఇక్కడ వయసు అడిగేవాడు లేడు.

ఇక్కడ మగ్గాన్ని సాంచా అంటారు. షిఫ్టు 12 గంటలు, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. జీతం ఉండదు, మీటరు లెక్క. ఒక్కడే చాలా సాంచాలు చూసుకోవాలి, దారం తెగితే పరుగెత్తాలి. ఆ చప్పుడులో పక్కవాడి మాట వినిపించదు, సైగలతో మాట్లాడుకుంటాం. నాకు ముప్పై నాలుగేళ్లు. ఇప్పుడే ఎడమ చెవి సరిగా వినపడదు. ఒక గదిలో పగటి షిఫ్టువాళ్లు లేచాక వాళ్ల జాగాలోనే రాత్రి షిఫ్టువాళ్లు పడుకుంటాం. నేను పదహారేళ్లకి వచ్చాను. టెన్త్‌లో ఒక్క లెక్కల పేపరు పోయింది. మా నాన్న మళ్లీ కట్టించలేదు. అప్పుడు ఆ ఫీజు రెండు వందలు కూడా లేదు.

గిరిసోలా అన్నా, పని చేతిలో ఉంటే అన్నం ఉంటుందన్నావు. మార్చి 25న సాంచాలు ఆగాయి. నా చేతిలో పని ఉంది, అన్నం లేదు. సేఠు ఫోను ఎత్తలేదు. నలభై రోజులు ఎవరో పెట్టిన కిచిడీ తిన్నాం. అదే కారఖానాలో మెట్రిక్ పాసైనవాడు ఆఫీసులో లెక్కలు రాస్తాడు, వాడికి సగం జీతమైనా ఇచ్చారు.

వదినా, అన్నయ్య మీద కోపం వద్దు. కొడుకు వస్తే గది అద్దె కలిసొస్తుంది, అప్పు తొందరగా తీరుతుంది అనుకుంటారు. మా నాన్న కూడా అలాగే అనుకున్నారు. నా నంబరు మెసేజ్‌లో పెడతాను, అన్నయ్యను ఒకసారి నాతో మాట్లాడమనండి.

గిరిసోలా షాపు
సాంచా అన్న చెప్పినదానికి నేనేం అనలేను. కానీ ఆ గ్రూపు కిస్తీ ఎవరు కడతారు? అది కూడా ఎవరైనా చెప్పండి.

పర్లా టీచర్
కిస్తీకి నా దగ్గర జవాబు లేదు. షాపు అయ్యాక రాత్రి ఎనిమిదికి బాబును నాకు ఫోను చేయమనండి. లెక్కలు నేను చెప్తాను. దానికి ఫీజు అక్కర్లేదు.

కొత్తవీధి అమ్మ (17 ఫిబ్రవరి)
బడికి వెళ్లాను. హైకోర్టు ఆర్డరు సంగతి చెప్తే ముందు తెలియదన్నారు. మర్నాడు రమ్మన్నారు. 825 తగ్గించారు. సగం కట్టాను, మిగతాది ఏప్రిల్‌లో కట్టేలా ఒప్పుకున్నారు. ఫారం నింపారు. తగ్గిన డబ్బులో 599 పెట్టి ఫోనుకి మూడు నెలల రీచార్జి వేయించాను. షాపు ఓనరు మధ్యాహ్నం నుంచి రమ్మన్నాడు, జీతం సగానికి తగ్గించాడు. ఈ నెల కిస్తీకి చెల్లెలి దగ్గర చేబదులు తీసుకున్నాను. వచ్చే నెల ఎలాగో తెలియదు.

మా ఆయన సాంచా తమ్ముడితో మాట్లాడారట. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు. టికెట్టు మాత్రం ఇంకా తీయలేదు.

టీచర్ గారూ, వాడికి వర్గ సమీకరణాలు అసలు రావట. ఈ రాత్రి ఎనిమిదికి చేస్తాడు.