మెడ నరాలు లాగితే బీపీ పెరిగినట్టేనా?

తెనాలి అమ్మాయి: అమ్మకు 61 ఏళ్లు. డాక్టర్ రోజూ వేసుకోమన్న బీపీ మాత్రను మెడ నరాలు లాగి, తల దిమ్ముగా ఉన్న రోజే వేసుకుంటుంది. "నా ఒంటి సంగతి నాకు తెలీదా" అంటుంది. నిజంగా తెలుస్తుందా?

మాస్టారు 68: తప్పకుండా తెలుస్తుందమ్మా. నాది పదకొండేళ్ల అనుభవం. మెడ వెనక పట్టేస్తుంది, కళ్లు ఎర్రబడతాయి. వెళ్లి చూపించుకుంటే 160 పైనే. ఒక్కసారీ తప్పలేదు.

స్టాఫ్‌నర్సు: మాస్టారూ, మెడ బాగున్న రోజు ఎప్పుడైనా చూపించుకున్నారా? బీపీ ఉన్న చాలామందికి ఏ బాధా ఉండదు. తలనొప్పి, కళ్లు తిరగడం నిద్ర చాలకపోయినా వస్తాయి. అమ్మాయీ, మాత్ర రోజూ వేయించండి.

కరీంనగర్ తమ్ముడు: మా బాపుకు ఏ నొప్పీ లేదు. ఏఎన్ఎం అక్క ముప్పై దాటిన వాళ్లందరికీ చూస్తూ ఆయనకూ చూసింది. 170/100.

మాస్టారు 68: బాగున్న రోజు ఎందుకు చూపించుకోవాలి? ఆకలి లేనప్పుడు అన్నం తింటామా?

స్టాఫ్‌నర్సు: నొప్పి, కంగారు కూడా బీపీని పెంచుతాయి. నొప్పి ఉన్న రోజే చూస్తే ఏది ముందొచ్చిందో ఎలా చెప్తారు? భయపడాల్సిన గుర్తులు వేరు. అంకె 180/120 దాటి ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఆ గుర్తులు కనిపిస్తే అసలు అంకె కోసం కూడా ఆగొద్దు.

విజయ: ఆవకాయ మానేస్తే అన్నీ తగ్గుతాయి.

మాస్టారు 68: నా ప్రశ్నకు జవాబు రాలేదు. నేను మూడంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతూ కూర్చుంటే, చొక్కా చేతిమీదే పట్టీ చుట్టి 150 అన్నారు. జీవితాంతం మాత్ర వేసుకోమన్నారు. ఇంకోసారి చూడమంటే బయట జనం ఉన్నారన్నారు. ఆ అంకెకంటే నా మెడే నయం.

స్టాఫ్‌నర్సు: అలా చూడటం తప్పే. ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. కాళ్లు నేలకు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. కాఫీ తాగి అరగంట కావాలి. నిమిషం ఆగి మళ్లీ చూడాలి. మిషన్ సరిగ్గా వాడకపోతే సరిగ్గా వాడమనండి. మెడను నమ్ముకోవడమేంటి?

మాస్టారు 68: మీ ఆస్పత్రివాళ్లకు మాత్రలు అమ్ముడుపోతే చాలు.

స్టాఫ్‌నర్సు: అమ్ముడుపోవడానికా? ముప్పై ఏళ్లు ఊరందరి చేతికీ పట్టీ కట్టాను. మావారి చేతికి కట్టలేదు. తలనొప్పి అని ఒక్కరోజూ అనలేదు ఆయన. 2014లో ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే బ్రష్ జారిపడింది. తీసుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. నోరు పక్కకు పోయింది. ఆస్పత్రిలో చూస్తే 210/120. ఇప్పటికీ ఎడమచేత్తోనే తింటున్నారు.

కరీంనగర్ తమ్ముడు: అమ్మా...

మాస్టారు 68: ఆ మాట అనకుండా ఉండాల్సింది తల్లీ, క్షమించండి. నాకు మాత్రంటే భయం. మా అన్నయ్యకు బీపీ మాత్ర మొదలుపెట్టాక పాదాలు వాచాయి, ఏడాదిలో కిడ్నీలు పోయాయి. మాత్ర వల్లే అని ఇంట్లో అందరం అనుకున్నాం.

స్టాఫ్‌నర్సు: ఇది ముందే చెప్పాల్సింది మాస్టారూ. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్రతో కొందరికి పాదాలు వాస్తాయి. చెబితే మందు మారుస్తారు. ఏళ్లతరబడి అదుపులో లేని బీపీ కిడ్నీలను పాడుచేస్తుంది. కిడ్నీ పాడైనా బీపీ పెరుగుతుంది. అన్నయ్యగారికి ఏం జరిగిందో కాగితాలు చూడకుండా నేను చెప్పలేను. మీ భయం మాత్రం డాక్టర్‌కు చెప్పండి, మెడకు కాదు.

తెనాలి అమ్మాయి: ఇవాళ అమ్మ మెడ తేలిగ్గా ఉందంది. అందుకే కూర్చోబెట్టి చూశాను. 172/98. నిమిషం ఆగి చూస్తే 168/96. రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.

మాస్టారు 68: పట్టీ జాకెట్టు చేతిమీద కట్టలేదు కదా?

తెనాలి అమ్మాయి: లేదండీ. జాకెట్టు చెయ్యి పైకి మడిచే కట్టాను.