డే కేర్‌కు లైసెన్సు ఉంది, భద్రత సంగతి ఎలా తేల్చుకోవాలి?

రాయగడలో ఉంటున్నాం. పాపకు 14 నెలలు. వచ్చే నెల నేను ఉద్యోగంలో చేరాలి. ఉదయం 9 నుంచి సాయంత్రం 5:30 వరకు పాపను ఉంచాలనుకున్న డే కేర్‌లో లైసెన్సును ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఒడియాలో ఉంటే పక్కింటివారితో చదివించాను. అది పురపాలక సంఘం ఇచ్చిన వ్యాపార లైసెన్సు. పిల్లల సంరక్షణ గురించి ఒక్క ముక్క లేదు.

కేంద్రం 2018లో ఇచ్చిన క్రెష్ (పసిపిల్లల సంరక్షణ కేంద్రం) మార్గదర్శకాల ప్రకారం, మూడేళ్లలోపు పిల్లలు పదిమందికి శిక్షణ పొందిన ఒకరు ఉండాలి. ఇక్కడ 17 మంది పసివాళ్లకు ఒక్కరే. ఇంకొకామె వంట చూసుకుంటుంది. పడుకునే గదికీ పొయ్యికీ మధ్య తలుపు లేదు, తెర మాత్రమే. కిటికీ గట్టు మీద, నిలబడడం వచ్చిన పిల్లలకు అందే ఎత్తులో, మూత వదులుగా ఉన్న ఫినాయిల్ సీసా. చెబితే వెంటనే తీశారు, మర్నాటికి మళ్లీ అక్కడే ఉంది.

సిబ్బంది పోలీసు వెరిఫికేషన్ అడిగితే "అందరూ తెలిసినవాళ్లేనమ్మా" అన్నారు. మధ్యాహ్నం 1 నుంచి 3 వరకు, పిల్లలు పడుకుంటారని, తల్లిదండ్రులను లోపలికి రానివ్వరు. అన్నిటికంటే ఇదే నాకు మింగుడుపడడం లేదు. అక్కడికి పిల్లలను పంపే తల్లులు మనుషులు మంచివాళ్లే అంటున్నారు. మా వీధి అంగన్‌వాడీలో సాయంత్రం దాకా ఉంచుకోరు.

ఒడిశాలో పిల్లలను డే కేర్‌లో ఉంచినవారు చెప్పండి: వ్యాపార లైసెన్సు కాకుండా, భద్రతను అధికారులు వచ్చి తనిఖీ చేశారని తెలిపే ఏ కాగితాన్ని నేను అడిగి చూడాలి?