‘చేతివాటం’ దొంగతనమైతే ‘ఎడమచేతివాటం’ ఏమిటి?

పేపర్లో ఒక పేజీలో ‘చేతివాటం చూపిన గుమాస్తా’, ఆటల పేజీలో ‘ఎడమచేతివాటం బ్యాటర్’. మొదటివాడు జైలుకి, రెండోవాడు క్రీజులోకి. ఇంతకీ ‘వాటం’ అంటే ఏంటండీ?

— తాపీమేస్త్రీని అడగండి, చెప్తాడు. బాత్రూం గచ్చు మీద నీళ్ళు నిలవకుండా వాటం ఇస్తాడు. అంటే వాలు. గాలివాటం అన్నా అంతే, గాలి ఎటు తోస్తే అటు. చెయ్యి దానంతట అది ఎటు మొగ్గితే అది దాని వాటం. పక్కవాడి గల్లాపెట్టె వైపు మొగ్గితే కేసు.

— ఎడమచేతిని మా వైపు పుర్రచెయ్యి అంటాం. అలాంటి వాళ్ళకి కుడి మెదడే పనిచేస్తుందట కదా?

— వాట్సాప్‌లో తిరిగే మాట అది. ఎడమచెయ్యిని కదిలించేది కుడి మెదడు, అంతవరకే నిజం. మెదడు నుంచి దిగే నరాల్లో ఎక్కువ భాగం మెదడు కాండం అడుగున అటువి ఇటు, ఇటువి అటు దాటతాయి. మాట సంగతి వేరు. కుడిచేతివాళ్ళలో నూటికి 95 మంది దాకా భాషకి ఎడమ అర్ధగోళమే పెద్దదిక్కు. ఎడమచేతివాళ్ళలోనూ ఇంచుమించు 70 మందికి అంతే. మిగతావాళ్ళలో కొందరికి కుడివైపు, కొందరికి రెండువైపులా.

‘వాటం’ మాత్రం భలే పదం. చేతివాటం కొలవడానికి 1971లో మనస్తత్వవేత్త ఓల్డ్‌ఫీల్డ్ ప్రకటించిన ఎడిన్‌బరో ప్రశ్నావళి రాయడం, విసరడం, కత్తెర పట్టడం, అగ్గిపుల్ల గియ్యడం లాంటి పది పనులు ఏ చేత్తో చేస్తారని అడుగుతుంది. మార్కు −100 (పూర్తిగా ఎడమ) నుంచి +100 (పూర్తిగా కుడి) దాకా ఎక్కడైనా పడొచ్చు. అంటే కొలిచేది వాలునే. కాకపోతే అందులో చెంచా కూడా ఉంది. ఎడమచేత్తో ముద్ద ఎత్తితే అమ్మమ్మ ఒక్కటి వేసే ఇళ్ళలో ఆ జవాబు పెంపకాన్ని చెబుతుంది గానీ వాటాన్ని కాదు. చీపురు పట్టుకుంటే పైన ఉండే చెయ్యి ఏది అని ఇంకో ప్రశ్న. వంగి ఒంటిచేత్తో ఊడ్చే మన కొబ్బరి ఈనెల చీపురుకి పైచెయ్యి ఎక్కడిది?

— చీపురు ఎవరి చేతిలో ఉంటే మా ఇంట్లో వాళ్ళదే పైచెయ్యి సార్!

— మా బుడ్డోడు బంతి ఎడమచేత్తో విసురుతాడు, రాత కుడి. వాడిని ఏ లెక్కలో వెయ్యాలి?

— రెండూ ఉన్నదున్నట్టు రాయండి. మార్కు మధ్యలో ఎక్కడో పడుతుంది, టెన్షన్ ఏం లేదు. బలవంతంగా మాత్రం మార్చకండి.