ఇంగ్లిష్‌ల ఒక్కో పదం తెలుసు, కలిపితే సమజ్ అయితలేదు. ఎట్ల?

హన్మకొండ_డిగ్రీ:
తెలుగు మీడియం డిగ్రీ. మడికొండ దిక్కు కంపెనీల సపోర్ట్ ఉద్యోగాలకు ఫోన్ ఇంటర్వ్యూలు ఇస్తున్న. గ్రామర్ పర్వాలేదు గని 'డు యు మైండ్ వెయిటింగ్?', 'బేర్ విత్ మి', 'ఐ యామ్ అఫ్రెయిడ్ నాట్' అన్నకాడ ఆగిపోతున్న. మొదటిదానికి యెస్ అనాల్నా, నో అనాల్నా? పదం పదం విడగొట్టి చూస్తే భయం, ఎలుగుబంటి వస్తున్నయి.

కాజీపేట_జంక్షన్:
తమ్మీ, అక్కడ 'మైండ్' అంటే 'ఇబ్బందా?' అని అడుగుడు. ఆగుతా అంటే 'నో, నాట్ ఎట్ ఆల్' అనాలె. ఒట్టి 'యెస్' అంటే ఆగనన్నట్టయితది. మాటల్ల 'ష్యూర్, నో ప్రాబ్లమ్' అన్నా నడుస్తది, తికమక ఉండదు. మైండ్ తర్వాత క్రియకు 'ఇంగ్' రావాలె: 'వుడ్ యు మైండ్ రిపీటింగ్ దట్?' 'టు రిపీట్' అంటే తప్పు. ఫోన్ల సరిగ్గ వినబడనప్పుడు ఈ ఒక్క వాక్యం నోట్ల ఉంటే సగం గండం గట్టెక్కినట్టే.

'బేర్ విత్ మి' అంటే కాసేపు ఓపిక పట్టుండ్రి అని. చాట్‌ల టైప్ చేసేటప్పుడు స్పెల్లింగ్ ఎలుగుబంటిదే (బి-ఇ-ఏ-ఆర్) రాయాలె. రెండో స్పెల్లింగ్ (బి-ఏ-ఆర్-ఇ) పడితే సంగతి బట్టలిప్పుడు దాకా పోతది. 'అఫ్రెయిడ్ నాట్' మర్యాదగ 'లేదండి' అనుడు. 'అఫ్రెయిడ్ ఆఫ్' అంటే భయం. 'వి విల్ గెట్ బ్యాక్ టు యు' అన్నరంటే మళ్ల చెప్తమని. ఉద్యోగం ఇచ్చినట్టూ కాదు, లేదన్నట్టూ కాదు.

పోచమ్మమైదాన్_అక్క:
'వాడు చేతులెత్తేసిండు' అంటే మనం వాని చేతుల దిక్కు చూడం కదా, ఇంగ్లిష్‌లోనూ అంతే. ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లర్నర్స్ డిక్షనరీ వాడు. ఎంట్రీ చివర 'ఐడీఎమ్' గుర్తు దగ్గర ఇడియమ్స్ (జాతీయాలు), 'పీహెచ్ఆర్ వీ' దగ్గర ఫ్రేజల్ వెర్బ్స్ (క్రియకు 'ఆఫ్', 'ఔట్' లాంటి చిన్న మాట కలిసినవి) ఉంటాయి. ఇడియమ్‌ను దాంట్లోని మొదటి ముఖ్యమైన పదం కింద వెతకాలి: 'ఆన్ ద టిప్ ఆఫ్ మై టంగ్' కావాలంటే 'టిప్' దగ్గర. 'గెట్', 'గో', 'గుడ్' లాంటి వాటికి ఇడియమ్స్ కుప్పలు తెప్పలు, అందుకే వాటిని వదిలేసి తర్వాతి పదానికి పోవాలి. చాలామంది ఇక్కడే విసుగొచ్చి పుస్తకం మూసేస్తారు.

ఫ్రేజల్ వెర్బ్‌లో చిన్న మాట మారితే అర్థమే మారుతుంది. 'పుట్ ఆఫ్' వాయిదా, 'పుట్ ఔట్' మంట ఆర్పడం, 'పుట్ అప్ విత్' భరించడం. 'ఇట్' పెట్టే చోటు కూడా చూసుకో: 'పుట్ ఇట్ ఆఫ్' సరైనది, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. కానీ 'పుట్ అప్ విత్ ఇట్'లో మధ్యలో దూర్చడానికి వీల్లేదు.

నోట్సులో అర్థం ఒక్కటే రాస్తే పనికిరాదు. విన్న వాక్యం మొత్తం రాసి, పక్కన ఎవరు ఎవరితో అన్నారో రాయి. మెటీరియల్‌లో 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' బట్టీ పట్టిస్తారు, అది దండగ. పెద్ద వానకు 'పోరింగ్' చాలు.

మానుకోట_రైడర్:
ఒకటి మరిచిన్రు. మన దగ్గర నడిచేవి బయటోళ్లకు వేరే తీరు వినిపిస్తయి. 'ఐ పాస్డ్ ఔట్ ఇన్ 2022' అంటే అమెరికా క్లయింటు స్పృహ తప్పినవనుకుంటడు, 'గ్రాడ్యుయేటెడ్' అను. 'రివర్ట్' బదులు 'రిప్లై'. 'టేబుల్ ఇట్' అని వింటే ఎవరన్నరో చూడు: బ్రిటిషోళ్లయితే ఇప్పుడు చర్చకు పెడుదామని, అమెరికనోళ్లయితే పక్కకు పెడుదామని.

హన్మకొండ_డిగ్రీ:
అక్కా, అన్నా, మస్తు సాయమైంది. 'లెట్స్ కాల్ ఇట్ ఎ డే' అంటే?

కాజీపేట_జంక్షన్:
ఇయ్యాల్టికి చాలు, ఇగ ఆపుదాం అని. ఇంటర్వ్యూల అది వాళ్లు అనాలె, నువ్వు ముందు అనకు.